పడమటి బురుజు కొలపుల్ల

నలువైపులా కంటిచూపు ఆనినంత మేర నల్లరేగడి మైదానం, ఆ మైదానం నడుమ నేలను చీల్చుకుని లేచినట్టున్న ఒంటికొండ, ఆ కొండ నెత్తిన ఏడు బురుజులతో, పదహారు మూరల గోడలతో, ఆకాశానికి ఎత్తిన గోపురంతో వెలిసిన రేగడికొండ దుర్గాన్ని చూసి, ఇది మనుషులు కట్టినది కాదని దారినపోయే బేహారులు చెప్పుకునేవారు. అది మనుషులు కట్టినదే. కట్టినవాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు. కట్టించిన రాజుల పేర్లు మాత్రం నాలుగు దిక్కులా చెక్కి ఉన్నాయి.

ఆ ఏడు వైశాఖం నాటికి, పడమటి రాజు హొన్నరసు ఆ కోటను ముట్టడించి డెబ్బై రోజులు. ముట్టడి అంటే కత్తుల చప్పుడు, గుర్రాల సకిలింపు అనుకునేవాళ్ళు ముట్టడిని చూడనివాళ్ళు. ముట్టడి అంటే ఎదురుచూడడం. పొద్దున లేచి గాదెలో చేయి పెట్టి, నేల తగిలేదాకా ఎంత లోతుందో తడుముకోవడం. చింతచెట్లకు ఆకు మిగల్లేదు. గుర్రాల శాలలో గుర్రాలు మిగల్లేదు. కోట కింది బావిలో నీళ్ళు మాత్రం ఉన్నాయి. నీళ్ళు తాగి బతకగలిగినంత కాలం జనం బతికారు, ఆపైన కూలారు. నూట నలభైమంది. వాళ్ళలో నలభై మూడో నాడు పోయిన బుచ్చమ్మ ఒకతె. ఆమె పడమటి బురుజు కావలి కాటయ భార్య.

కాటయకు అరవై రెండేళ్ళు. పుట్టుకకు కాసెవాడు, రాయి చెక్కే కులం. గోపురం పై అంతస్తులో నిలబడ్డ ద్వారపాలకుల్లో ఇద్దరు అతని చేతి పని. ముప్పై ఏళ్ళ కిందట గోపురం పనికి కట్టిన కర్రల సారవ విరిగి పడితే తుంటి ఎముక జారింది, ఉలి పట్టడం పోయింది. కానీ కన్ను కొలత పోలేదు. అది చూసి అప్పటి రాజుగారు అతన్ని బురుజు మీద కూర్చోబెట్టారు.

ఆ బురుజుకు ఒక ఆచారం ఉంది. కావలివాడి దగ్గర జానెడు జొన్నపుల్ల ఒకటి, సమానంగా గణుపులు గీసినది, ఉంటుంది. దాన్ని కొలపుల్ల అంటారు. చేయి బారచాచి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో పుల్ల మీదుగా చూడాలి. వంక గట్టు మీద నిలబడ్డ మనిషి నాలుగు గణుపులు. తాటితోపు దగ్గర నిలబడ్డ మనిషి ఒకటిన్నర. వస్తువు ఎత్తు తెలిస్తే దూరం చెప్పవచ్చు, దూరం తెలిస్తే ఎత్తు చెప్పవచ్చు. వచ్చిన దండు ఎంతో కావలివాడు పుల్ల మీద చేయి వేసి చెప్పాలి. చెప్పినది తప్పైతే కళ్ళు తీస్తారు. ఆ మాట బురుజు గోడ మీద చెక్కి ఉంది. అక్షరాలు అరిగిపోతే పదేళ్ళ కిందట మళ్ళీ లోతుగా చెక్కినవాడు కాటయే.

ముట్టడి మొదటి వారంలో అతను చెప్పిన లెక్క పదకొండు వేలు. వంకకు అవతల మూడు వందల పెద్ద డేరాలు, వాటి వెనక మైదానం పొడుగునా వరుసలు వరుసలుగా, పోగా పోగా చిన్నవై, ఎండమావుల్లో వణుకుతూ వెయ్యికి పైగా డేరాలు. చివరి వరుస రెండు క్రోసుల దూరం అని పుల్ల చెప్పింది. పొద్దుటా సాయంత్రమూ వాటి నడుమ నుంచి వంటపొగ లేచేది.

పదో రోజున సేనాని కొమ్మయ నాయకుడు సభలో నిలబడి, "దేవరా, తిండి ఉన్నప్పుడే, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే వాకిలి తెరవండి. మనకున్నది పన్నెండు వందలమంది. అయినా ఒక దెబ్బ కొట్టి చూస్తాను. నాకెందుకో ఆ దండు కంటికి ఆనినంత లేదనిపిస్తోంది" అన్నాడు. ఇరవై ఏళ్ళ రాజు మల్లభూపతి కాటయ వైపు చూశాడు. కాటయ పుల్ల మీద చేయి వేసి, "పదకొండు వేలు, మహాప్రభూ" అన్నాడు. వాకిలి తెరవలేదు.

అరవై రోజులు గడిచాయి. మంత్రి విస్సన సంధి మాట తెచ్చాడు. హొన్నరసు షరతు ఒక్కటే: కొమ్మయ నాయకుణ్ణి గొలుసులతో అప్పగించి కోట వాకిలి తెరిస్తే జనం ప్రాణాలు దక్కుతాయి. కొమ్మయను ముందే చెరసాలలో బంధించారు, జనం ప్రాణం మీదికి తెచ్చే దుడుకువాడని. ముద్ర వేయడానికి రాజుగారికి ఇంకా చేయి రాలేదు. అంతే మిగిలింది.

డెబ్బయ్యో నాడు మిట్టమధ్యాహ్నం బురుజు మీది బంట్లు ఒక్కసారిగా కేకలు వేశారు.

"ఏనుగు! తాతా, ఏనుగు! హొన్నరసుకు ఏనుగులు వచ్చాయి!"

కాటయ లేచాడు. తుంటి కలుక్కుమంది. చివరి వరుస డేరాల పక్కన నల్లటి ఆకారం ఒకటి మెల్లగా కదులుతోంది. డేరా కొన కంటే దాని వీపు ఎత్తు. చేయి చాచి పుల్ల పట్టాడు. మనిషి తల వంచకుండా దూరే డేరా; దానికి మించిన వీపు. గణుపులు ఏం చెబితే అది చెప్పాలి.

"ఏనుగే," అన్నాడు.

ఆ మాట బంటు నోటి మీద సభకు పరిగెత్తింది. ఒక్క ఏనుగు సభకు చేరేసరికి పదీ, సంత వీధికి చేరేసరికి యాభై అయింది. బురుజు మీది బంట్లు కూడా పెళ్ళాం బిడ్డల దగ్గరికి దిగిపోయారు. మంత్రి రాజముద్ర తెప్పిస్తున్నాడని కిందినుంచి ఎవరో అరిచారు.

కాటయ ఒక్కడే మిగిలాడు. అలసట అతనికి కొత్త కాదు గాని, ఆ పూట అలసట వేరే రకంగా ఉంది. చేతిలో పుల్ల కూడా బరువనిపించింది. అయినా చూస్తూనే ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా చేసిన పని అదొక్కటే.

ఏనుగు డేరాల వరుస చుట్టు తిరిగి కోట వైపు బయలుదేరింది. మావటి లేడు. మిట్టెండకు దండంతా నీడల్లో పడి నిద్రపోతోంది, ఆపినవాడు లేడు. రెండు క్రోసులు నడవడానికి ఏనుగుకు అర జాము, దాదాపు నాలుగు గడియలు పట్టాలి. గోపురం దగ్గర గడియకొకసారి నీళ్ళు నిండి మునిగే గడియారపు చిప్ప రెండోసారి మునగకముందే ఆ జంతువు వంకలోకి దిగి కనుమరుగై, ఇవతలి గట్టు ఎక్కింది.

కాటయ కళ్ళు నులుముకుని మళ్ళీ పుల్ల ఎత్తాడు. గట్టు మీద మనిషి నాలుగు గణుపులు. ఏనుగైతే ఏడో ఎనిమిదో ఉండాలి.

మూడు.

అది దిడ్డివాకిలి కిందికి వచ్చి, మెడలో తెగిన పలుపుతాడు ఈడ్చుకుంటూ, మోర పైకెత్తి బెంగగా అరిచింది. లోపల ఎక్కడినుంచో బక్కచిక్కిన దూడ ఒకటి పలికింది.

"నా బర్రె!" అంటూ గొల్ల పోలమ్మ వీధిలోంచి దూసుకొచ్చింది. ముట్టడి మొదటినాడు మేతకు పోయిన మందను హొన్నరసు దండు తోలుకుపోయింది. దూడ మాత్రం కోటలో ఉండిపోయింది. "కాటన్నా, దిడ్డి తెరిపించు! ఏనుగు వచ్చింది, ఏనుగు వచ్చిందని చచ్చిపోతున్నారు గాని, నా బర్రె వచ్చింది చూసే దిక్కు లేదా ఈ కోటలో?"

"అదే పోలమ్మా," అన్నాడు కాటయ. "ఆ ఏనుగు ఇదే."

పోలమ్మ నోరు తెరిచి అతన్నీ, బర్రెనూ చూసింది. "నీ కళ్ళకు పొరలు గాని కమ్మాయా?"

కాటయ గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడు. ఏనుగు బర్రె అయితే, బర్రె నడుముకు రాని డేరా ఎంత? రొమ్మెత్తు కూడా ఉండదు. అందులో మనిషి పడుకుంటాడా? ఆ చివరి వరుస రెండు క్రోసుల్లో లేదు. క్రోసులో ఉంది. చిన్నవాటిని చూసి దూరమనుకున్నాడు. దూరమనుకున్నాడు గనుక మధ్యలో అంత నేల, అంత నేల నిండా అంత దండు ఉందనుకున్నాడు.

అప్పుడు తాటితోపు గుర్తొచ్చింది. వచ్చిన మొదటినాడే హొన్నరసు ఆ తోపు మొత్తం నరికించాడు. కర్రకోసం అనుకున్నారు అందరూ. పొలిమేర రాళ్ళు పీకించాడు. మందను తోలించాడు, పాక ఒకటి మిగలకుండా కాల్చాడు. ఎత్తు తెలిసిన వస్తువు ఒక్కటి కూడా ఆ మైదానంలో ఉండనివ్వలేదు. డేరాలు తప్ప. కొలపుల్ల ఎలా పని చేస్తుందో తెలిసినవాడు చేసిన పని అది.

కాటయ కిందనున్న బర్రె వైపు చూశాడు. తను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. బర్రె వచ్చింది, పాలిస్తుంది, అంతే. తెల్లవారేసరికి కొమ్మయను గొలుసులతో బండెక్కిస్తారు, తొక్కించడానికి అవతల ఏనుగులు లేవు గనుక గుర్రాలకు కట్టి ఈడుస్తారు. తన కళ్ళు తనకు ఉంటాయి. వాటితో ఏం చూస్తాడు? నూట నలభై సమాధులున్న దొడ్డి చూస్తాడు. అరవై రోజుల కిందట ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు వాకిలి తెరిచి ఉంటే బుచ్చమ్మ ఈ పూట గంజి కాచేది.

మెట్లు దిగి, దిడ్డి తీసి, బర్రెను లోపలికి రానిచ్చాడు. "పోలమ్మా, పలుపు ఇటివ్వు. బర్రెను సభకు తోలాలి."

"సభకా? దూడ పాలు తాగనీ ముందు."

"తాగనీ," అన్నాడు కాటయ. "ఒక్క గుక్క తాగనిచ్చి రా."

సభామండపంలో మల్లభూపతి సింహాసనం మీద కాక, మెట్టు మీద కూర్చున్నాడు. నిలబడే ఓపిక ఎవరికీ లేదు. ఒకవైపు గొలుసులతో కొమ్మయ నాయకుడు, ఒకవైపు సంధిపత్రం పట్టుకుని విస్సనమంత్రి. బర్రె గిట్టలు రాతి మీద టకటకలాడుతూ వచ్చేసరికి అందరూ తలలెత్తారు.

"ఏమిటీ అపచారం?" అన్నాడు మంత్రి.

కాటయ వంగి దండం పెట్టాడు. "మహాప్రభూ, మధ్యాహ్నం నేను చెప్పి పంపిన ఏనుగు ఇదే."

సభలో ఎవరో నవ్వారు. చాలా రోజులకు వినబడిన నవ్వు అది. కొమ్మయ మాత్రం నవ్వలేదు. ముందుకు వంగాడు, గొలుసు గల్లుమంది.

"నా కొలత తప్పింది," అన్నాడు కాటయ. "ఈ పూటది మాత్రమే కాదు. మొదటి వారం చెప్పిన పదకొండు వేలు కూడా తప్పే. పుల్ల మీద చేయి వేసి చెప్పాను, అదే పుల్ల మీద చేయి వేసి ఇప్పుడు తప్పని చెబుతున్నాను. ముందున్న మూడు వందల డేరాలు నిజం. వెనకవి బర్రె రొమ్ముకు రానివి. వాటిలో మనిషి ఉండలేడు. డేరాకు ఏడుగురు చొప్పున అవతల ఉన్నది రెండు వేలు."

"ఆకలికి ముసలివాడి మతి చలించింది దేవరా," అన్నాడు విస్సన. గొంతులో జాలి పలికించాడు. "రేపటి గండం నుంచి తన స్నేహితుడు కొమ్మయను తప్పించాలని బర్రెను సాక్ష్యం తెచ్చాడు. మీ తాతగారి నాటి నుంచి కాటయ కన్ను తప్పలేదు. కంటికి అంత స్పష్టంగా కనిపించేది అబద్ధం ఎలా అవుతుంది?"

"అవుతుంది బాబూ," అంది పోలమ్మ వెనకనుంచి. "దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి బర్రె ముందు నిలబెడతాం. అది నాకుతుంది, పాలు చేపుతుంది. దానికి మాత్రం కళ్ళు లేవా?"

రాజు ఆమె వైపు చూశాడు, ఆపమనలేదు.

కాటయ మండపం అవతల కనిపించే గోపురం వైపు చేయి చాచాడు. "ప్రభూ, ఆ పై అంతస్తు ద్వారపాలకుడు నేను చెక్కినవాడు. ఇక్కడినుంచి చూస్తే ఎంత తీరుగా ఉన్నాడు! పైకెక్కి చూడండి, తల గుమ్మడికాయంత, కాళ్ళు మరుగుజ్జు కాళ్ళు. పైన పెట్టే బొమ్మను సరిగ్గా చెక్కితే కిందివాడికి తల చిన్నదై వికారంగా కనిపిస్తుంది. అందుకని తప్పుగా చెక్కుతాం, కన్ను దాన్ని ఒప్పు చేసుకుంటుంది. కంటిని మోసం చేయడం మా కులవిద్య. ఆ విద్యతోనే ఎవరో నన్ను మోసం చేశారు. గోపురం కలశం ఎత్తిన నాడు నాతో పాటు సారవ ఎక్కి, ఈ కిటుకంతా అడిగి తెలుసుకున్న పెద్దమనిషి ఒకరున్నారు. నేను బురుజెక్కాక కొలపుల్ల ఎలా పడతారో కూడా ఆయనే వచ్చి అడిగారు. నేను మురిసిపోయి చెప్పాను."

"చాలించు!" విస్సనమంత్రి ముఖం ఎర్రబడింది. "రాళ్ళు కొట్టుకునేవాడు మంత్రుల మీద వేలు చూపే రోజులు వచ్చాయా? దేవరా, ఆలోచించండి. వేలకొద్దీ గోనెలు కుట్టించి, సున్నం పూయించి, మైదానంలో నిలబెట్టే తీరిక హొన్నరసుకు ఎక్కడిది?"

కాటయ మెల్లగా తలెత్తాడు. "అయ్యా, నేను చిన్నవన్నాను. గోనెలని అనలేదు. బురుజు మీదినుంచి తెల్లగా కనిపిస్తాయి, అంతే. లోపల గోనె ఉందో, పట్టు ఉందో ముప్పై ఏళ్ళు చూసిన నా కంటికే తెలియదు. తమరు ఎప్పుడు వెళ్ళి తడిమి వచ్చారు?"

బర్రె తోక ఒకసారి విదిల్చింది. విస్సన చూపు మండపం వాకిలి వైపు మళ్ళింది.

మల్లభూపతి మెట్టు మీదినుంచి లేచాడు. డెబ్బై రోజుల్లో ఆ కుర్రవాడి ముఖం నలభై ఏళ్ళవాడిదైంది. "కాటయా, ఇది తప్పని చెప్పడం వల్ల నీకేమవుతుందో తెలుసా?"

"ఆ అక్షరాలు నేనే చెక్కాను ప్రభూ."

రాజు విస్సన చేతిలోని తాటాకు సంధిపత్రం తీసుకుని రెండుగా విరిచాడు. "సేనాని గొలుసులు విప్పండి. అవి మంత్రిగారికి సరిపోతాయేమో చూడండి."

కొమ్మయ మణికట్లు రుద్దుకుంటూ కాటయ దగ్గరికొచ్చాడు. "అరవై రోజులు ఆలస్యం చేశావురా ముసలోడా."

"చేశాను నాయకా."

"రెండు వేలేనా? ఈసారి గట్టిగా చూశావా?"

"రెండు వేలే. నమ్మితే నమ్ము."

"నమ్మక చస్తానా," అన్నాడు కొమ్మయ.

మర్నాడు తెల్లవారుతూనే పడమటి వాకిలి డెబ్బై రోజుల తరవాత తెరుచుకుంది. పన్నెండు వందలమందిలో నిలబడగలిగినవాళ్ళు ఏడు వందలు. గుర్రాలు లేవు. కడుపులో గంజి, పోలమ్మ బర్రె పాలు తలా ఒక చుక్క వేసిన గంజి. కొమ్మయ నాయకుడు వాళ్ళకు ఉపన్యాసం చెప్పలేదు. "వెనక డేరాలు చూడకండి. ముందున్నవే చూడండి" అన్నాడు, అంతే. నిద్ర కళ్ళతో లేచిన హొన్నరసు దండు, చావడానికి సిద్ధపడి వచ్చిన ఆ ఎముకల గూళ్ళను చూసి తబ్బిబ్బైంది. పొద్దు బారెడెక్కేసరికి ముందు డేరాలు తగలబడ్డాయి. వెనక్కి పరిగెత్తిన దండు తమ బొమ్మడేరాల తాళ్ళకే తగులుకుని పడింది. నడుమెత్తు కర్రల మీద సున్నం పూసిన గోనెలు, పది డేరాలకొకటి చొప్పున రగిలే పిడకల కుంపటి. అంతే, ఆ పదకొండు వేల దండు. హొన్నరసు ఒంటి గుర్రం మీద పడమటికి పారిపోయాడు.

ఏడు వందలమందిలో తిరిగొచ్చినవాళ్ళు ఐదు వందల పన్నెండు. కొమ్మయ ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. జయభేరి కొట్టడానికి చేతుల్లో బలం ఉన్నవాడు దొరకలేదు. జనం నవ్వలేదు, ఏడవలేదు, హొన్నరసు వదిలిపోయిన జొన్న మూటల చుట్టూ కూర్చుని పచ్చిగింజలే నమిలారు.

మూడో నాడు సభలో కాటయ తనంతట తాను వచ్చి నిలబడ్డాడు.

"క్షమించాను," అన్నాడు రాజు, అతను నోరు విప్పకముందే. "వెళ్ళి పడుకో."

"వద్దు ప్రభూ. ఆ రోజు నా మాట ఎందుకు నమ్మారు? తప్పు చెబితే కళ్ళు పోతాయని తెలుసు గనుక. ఈ పూట వదిలేస్తే రేపు బురుజెక్కే కావలివాడి మాట ఎవరు నమ్ముతారు? అదొకటి. రెండోది..." కాటయ ఆగాడు. "దొడ్డిలో నూట నలభైమంది ఉన్నారు. వాళ్ళు నన్ను క్షమించారో లేదో అడగడానికి వీల్లేదు."

రాజు తల దించుకున్నాడు. అప్పుడు కొమ్మయ నాయకుడు కర్ర ఊతతో లేచి, విసుగ్గా అడిగాడు.

"ఒరే కాటా, పుల్ల పట్టినప్పుడు నువ్వు ఎడమ కన్ను మూస్తావా, తెరుస్తావా?"

"మూస్తాను."

"దేవరా, కొలిచింది కుడి కన్ను, తప్పింది కుడి కన్ను. మూసుకుని కూర్చున్న కన్ను ఏ లెక్కా చెప్పలేదు. నిరపరాధిని శిక్షించడం రాజధర్మం కాదు."

మల్లభూపతి చాలాసేపటికి తలూపాడు. ఒక్క కన్ను చాలనుకున్నాడో, ఎక్కువనుకున్నాడో, కాటయ ముఖంలో ఎవరికీ తెలియలేదు.

కార్తీకం వచ్చింది. మైదానంలో జొన్న మోకాలెత్తు లేచింది. పడమటి బురుజు మీద కొత్త కావలివాడు కుదిరాడు గాని, కాటయ ఎక్కి కూర్చోవడం మానలేదు. కొమ్మయ కూడా పొద్దు వాలాక కుంటుతూ ఎక్కి పక్కన చతికిలబడేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

ఒంటి కంటికి లోకం బల్లపరుపుగా అతుక్కుపోయింది. ముంత అందుకోబోతే చేయి ముందే ఆగేది, లేదా తగిలి దాన్ని పడదోసేది. దూరపు మబ్బూ, దగ్గరి గోడా ఒకే గుడ్డ మీద అద్దినట్టు కనిపించేవి.

ఒక సాయంత్రం జొన్నచేల అంచున నల్లటి చుక్క ఒకటి కదిలింది.

"పోలమ్మ బర్రె," అన్నాడు కొమ్మయ. "ఎంత దూరంలో ఉందంటావు?"

కాటయ చేయి అలవాటుగా పైకి లేచింది. పుల్ల కోసం వేళ్ళు తడుముకున్నాయి. మళ్ళీ ఒళ్ళో వాలాయి.

"ఆగు," అన్నాడు. "అరవనీ, చెబుతాను."